కన్యాశుల్కంలో జీవితార్థం: సందేశ విమర్శకు ఒక ఆక్షేపణ

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మానవజీవితానికి ఏ అర్థాన్ని సూచిస్తుంది? ఈ ప్రశ్నకు తెలుగు విమర్శ చాలాకాలంగా ఒక సులభమైన సమాధానంతో తృప్తిపడుతోంది. దురాచారాన్ని తొలగించి సంస్కారవంతమైన సమాజాన్ని నిర్మించుకోవడమే ఆ అర్థమనీ, సౌజన్యారావు పంతులు దానికి ప్రతినిధి అనీ ఆ సమాధానపు సారాంశం. తరగతి గదుల్లోనూ పరీక్షాపత్రాల్లోనూ ఇదే పాతుకుపోయింది. నాటకాన్ని గౌరవిస్తున్నట్టు కనిపించే ఈ సమాధానం నిజానికి దాన్ని కరపత్రం స్థాయికి కుదిస్తోంది.

పూర్వపక్షం

సందేశ విమర్శకు ఆధారం లేకపోలేదు. 1897లో వెలువడిన తొలి ముద్రణకు గురజాడ రాసిన ఆంగ్ల పీఠికలోనే సంస్కరణోద్దేశం స్పష్టంగా ఉంది. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్కవివాహాల జాబితాను ప్రస్తావిస్తూ ఆయన 1034 అనే సంఖ్యను పేర్కొన్నారు. ఏడాది వయసు పసికందులకు 350 నుంచి 400 రూపాయల దాకా వెల పలికిందని కూడా అక్కడే చెప్పారు. ఈ అంకెలు చదివి చలించని వారుండరు. కాని అంకెలు ఉన్నది పీఠికలో. నాటకం అంకెలు ఆగిన చోట మొదలవుతుంది. రచయిత ఏ ఉద్దేశంతో కలం పట్టారన్నది ఒక ప్రశ్న, రచన ఎక్కడికి చేరిందన్నది మరొక ప్రశ్న. మొదటి దానికి దొరికిన జవాబును రెండో దానికి అతికించడమే సందేశ విమర్శ చేస్తున్న పొరపాటు.

ఈ పొరపాటును చరిత్రే బయటపెట్టింది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైననాటికి కన్యాశుల్కం సజీవమైన ఆచారం. కాలక్రమంలో ఆ ఆచారం పోయింది, దాని స్థానంలో వరకట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాయవలసి వచ్చింది. సంత అలాగే ఉంది, సరుకు మారిందంతే. నాటకసారం ఆచారఖండన ఒక్కటే అయితే ఆచారంతో పాటే నాటకమూ కాలం చెయ్యాలి. అలా జరగలేదు. 

ఈ పఠనాన్ని ప్రశ్నించినవారు లేకపోలేదు. 2007లో వెలువడిన తన ఆంగ్లానువాదానికి జతచేసిన వ్యాసంలో వెల్చేరు నారాయణరావు దీన్ని సంఘసంస్కరణ నాటకంగా చదవడాన్ని గట్టిగా ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ అవసరమైనదే. అయితే సంస్కరణ సందేశాన్ని తీసివేయగానే నాటకంలో మిగిలేది ధూర్తుల చిత్రశాల మాత్రమేనని, రచయితకు జీవితదృష్టి అంటూ ఏదీ లేదని తేల్చేవారు కూడా ఉన్నారు. మొదటి పక్షం నాటకం మీద సందేశాన్ని రుద్దుతుంది, ఈ పక్షం సందేశం లేదు కనుక అర్థమే లేదంటుంది. జీవితార్థం బోధరూపంలోనే ఉంటుందన్న భ్రమ రెండింటికీ సమానం.

వెల కట్టే లోకం

నాటకం పేరులోని ‘శుల్కం’ అన్న మాటను పెళ్లికి మాత్రమే పరిమితం చేయడం సరికాదు. ఈ నాటకలోకంలో వెల లేనిది దాదాపు లేదు. అగ్నిహోత్రావధాన్లు కూతుళ్లకు వెల కడతాడు. పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్లెదుటే ఉన్నా రెండో కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లకు కట్టబెట్టడానికి వెనుదీయడు. తాను తప్పు చేస్తున్నానన్న ఊహ కూడా అతనికి రాదు, అదే భయంకరమైన విషయం. రామప్పంతులు పెళ్లినీ వ్యాజ్యాన్నీ ఒకే తీరున సొమ్ము చేసుకుంటాడు.

వస్తువుల వెలతో, మనుషుల వెలతో గురజాడ ఆగలేదు. భావాలకూ వెల ఉందని చూపడం ఆయన ప్రత్యేకత. గిరీశం అమ్ముకునేది ఆదర్శాలను. వితంతు వివాహాన్ని సమర్థించడమూ, అవసరమైతే ఖండించడమూ అతనికి ఒకే విద్య. వినేవారిని బట్టి సిద్ధాంతం మారుతుంది. సారా దుకాణంలో కూర్చున్న బైరాగికి వేదాంతమే పెట్టుబడి. జీవితానికి అర్థం చెప్పడంలో వీరిద్దరూ తడుముకోరు. నాటకంలో అందరికన్నా ధారాళంగా తత్త్వం మాట్లాడేవారు అందరికన్నా చౌకగా బతికేవారు కావడం యాదృచ్ఛికం కాదు. అర్థాన్ని ప్రవచించే నోటిని నమ్మవద్దన్న హెచ్చరిక అది. అటువంటి హెచ్చరిక చేసిన రచయిత చివరికి తానే ఒక ప్రవక్తను వేదిక మీద నిలబెట్టి సందేశం చెప్పించాడని నమ్మడం ఆయన తెలివిని తక్కువ చేయడమే.

చివరి అంకం

1909 నాటి రెండో ముద్రణలో గురజాడ నాటకాన్ని దాదాపు కొత్త రచన అనదగినంతగా విస్తరించారు. ఆ నాటకానికి కేంద్రం మధురవాణి, సౌజన్యారావుల సమాగమం. సౌజన్యారావు మంచివాడు, సందేహం లేదు. కాని అతని మంచితనానికి ఒక వెలివాడ ఉంది, వేశ్యల ముఖం చూడనన్న నియమం. మనుషులను కలుసుకోకముందే ఏర్పరచుకున్న నీతి అది. హత్యానేరం మోపబడ్డ లుబ్ధావధాన్లను కాపాడే నిజం, అతను చూడనన్న వేశ్య దగ్గరే ఉంది. పురుషవేషంలో వచ్చిన మధురవాణి ఆ నిజానికి వెలగా ఒక ముద్దు అడుగుతుంది.

ఇక్కడ నాటకం తన మూలప్రశ్నను సూటిగా నిలబెడుతుంది. ఇన్ని అంకాలుగా సాగిన బేరసారాల్లో ఇది చివరి బేరం. తనకు ఏమీ కాని ఒక లోభి వృద్ధుడి కోసం సౌజన్యారావు వ్రతభంగానికి సిద్ధపడతాడు. నియమం కన్నా మనిషి ప్రాణం పెద్దదని ఒప్పుకోవడం అది. అతను సిద్ధపడిన క్షణంలో మధురవాణి తనకు రావలసిన వెలను తానే వదులుకుంటుంది. వెల అడగడం, అవతలివారు ఒప్పుకోవడం, అయినా పుచ్చుకోకపోవడం అన్న మూడూ ఒకేచోట కలిసే ఘట్టం ఇది. వెలే జీవనాధారమైన స్త్రీ చేతుల్లో ఇది జరగడం గమనించాలి. సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. అయితే ఆ పుస్తకం చదివి ఆమె ముద్దును వదులుకోలేదు. నిష్కామకర్మ గ్రంథం నుంచి ఆమెకు వచ్చింది కాదు, బతుకులోంచి వచ్చింది.

కన్యాశుల్కం జీవితానికి సూచించే అర్థం ఇదే. మనిషి విలువ అతను పలికే సిద్ధాంతంలో లేదు, తనకు చెల్లే వెలను ఎదుటి మనిషి కోసం వదులుకోగలగడంలో ఉంది. అది బోధగా రాదు, ఇద్దరు మనుషులు ముఖాముఖి నిలబడినప్పుడు సంఘటనగా మాత్రమే వస్తుంది. అందుకే నాటకం సంస్కర్త ఉపన్యాసంతో ముగియదు. కథ తన చేయి దాటిపోయిందన్న గిరీశం గోడుతో ముగుస్తుంది.

ఆక్షేపణలు, సమాధానం

ఒక్క ఘట్టాన్ని పట్టుకొని ఇంత చెప్పడం భావుకత కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. ఆ ఘట్టం తర్వాత లోకం మారిందని గురజాడ చెప్పి ఉంటే అది భావుకత అయ్యేది. ఆయన అలా చెప్పలేదు. మధురవాణి తర్వాతి బతుకేమిటో చూపలేదు. అగ్నిహోత్రావధాన్లు కనుమరుగయ్యాడని నమ్మించలేదు.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. బుచ్చమ్మ మాటేమిటి? గిరీశం వల నుంచి తప్పించి ఆమెను పూనా విధవాశ్రమానికి పంపాలన్నది సౌజన్యారావు నిర్ణయం. ఆ నిర్ణయం వెలువడే చోట బుచ్చమ్మ గొంతు వినిపించదు. తండ్రి, గిరీశం, సంస్కర్త, ముగ్గురూ ఆమె బతుకును ఆమె తరఫున తేల్చినవారే. ఉద్దేశాల్లో హస్తిమశకాంతరం ఉన్నా, ఆమెను అడగకపోవడంలో ముగ్గురూ ఒకటే. సందేశ విమర్శ ఈ మౌనాన్ని సుఖాంతంగా లెక్కవేసుకుంటుంది. పైన చెప్పిన కొలతతో చూస్తే మాత్రం అది నాటకం మిగిల్చిన బాకీగా కనిపిస్తుంది. మధురవాణి ముందు నియమాన్ని పక్కన పెట్టగలిగిన మనిషి బుచ్చమ్మ ముందు ఇంకా నియమంగానే మిగిలాడు. సంస్కర్తను ఆదర్శమూర్తిగా నిలబెట్టే పఠనానికి ఈ మౌనం ఎన్నటికీ వినపడదు.

ముగింపు

కన్యాశుల్కాన్ని సంస్కరణ చరిత్రకు ఉదాహరణగా బోధించినంతకాలం విద్యార్థి దాన్ని నిశ్చింతగా చదువుకోగలడు. అందులోని పాపం తాతముత్తాతలది, అది ఎప్పుడో ముగిసిపోయింది. వెల కట్టే లోకం గురించిన నాటకంగా బోధిస్తే ఆ నిశ్చింత నిలవదు. ఆదర్శాలను ఉపన్యాసాలుగా అమ్ముకునే గిరీశం గదిలోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు, ఒక్కోసారి బల్లకు ఇవతలి వైపున. నాటకం ఏ సందేశం ఇస్తుందని ఇకనైనా అడగడం మానాలి. అది ఎవరి వెలను అడుగుతోందో, చదివేవారు దేన్ని వదులుకోగలరో అడగాలి. తెలుగు శాఖలు ఆ ప్రశ్నను తప్పించుకుంటే గురజాడకు పోయేదేమీ లేదు, తెలుగు విమర్శే పలచబడుతుంది.