పన్ను తగ్గిన వేళ టీవీ కొనుగోలు: పెట్టె మీది పేరు కన్నా తెర వెనుక వెలుగే ముఖ్యం

జంషెడ్‌పుర్ తూర్పు భాగంలోని సిద్ధగోరా వంటి కార్మిక నివాస ప్రాంతాలలో పెద్ద వస్తువు కొనేందుకు ఏటా ఒక కాలం ఉంటుంది. ఉక్కు కర్మాగారం బోనసు దుర్గాపూజకు ముందు చేతికి వస్తుంది. ఆ వెనుకే ధన్‌తేరస్, దీపావళి వస్తాయి. సాక్చి, బిష్టుపుర్ దుకాణాలలో టీవీల వరుసల ముందు కుటుంబాలు నిలబడేది ఆ రోజులలోనే. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధికై వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు టీవీ వినోద సాధనం మాత్రమే కాదు. ఇంట్లో మాతృభాష ప్రతిరోజూ వినిపించే మార్గాలలో అదీ ఒకటి.

ఈ కొనుగోలు లెక్కను కేంద్ర ప్రభుత్వ నిర్ణయం ఒకటి మార్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాల వరకు ఉన్న టీవీలపై 2019 జనవరి నుంచే 18 శాతం పన్ను అమలులో ఉంది. అంటే దాదాపు ఏడేళ్ల పాటు 32 అంగుళాలు దాటితే పన్ను పెరిగేది. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. పన్నుకు ముందు 25,000 రూపాయలుండే టీవీని ఉదాహరణగా తీసుకుంటే, లోగడ దాని ధర 32,000 అయ్యేది, ఇప్పుడు 29,500 అవుతుంది. మిగిలే మొత్తం 2,500 రూపాయలు. ఈ మిగులును పెద్ద తెరకు వెచ్చించాలా, మెరుగైన తెరకు వెచ్చించాలా అన్నదే కొనుగోలుదారు ముందున్న ప్రశ్న.

జవాబు కోసం ముందుగా పేర్ల వెనుక ఉన్న సాంకేతికతను గుర్తించాలి. దుకాణంలో ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అనే పేర్లు కనిపిస్తాయి. వీటిలో మొదటి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. మూడింటిలోనూ బొమ్మను ఏర్పరచేది ఎల్‌సీడీ పలకే. ఆ పలక స్వయంగా వెలగదు. వెనుక నుంచి దీపాల వెలుగు పడితే, దానిని ఒకచోట ఆపి మరొకచోట వదిలి బొమ్మను చూపుతుంది. ఎల్‌ఈడీ అన్నది ఆ వెనుక దీపం పేరే.

క్యూఎల్‌ఈడీలో దీపానికి, పలకకు మధ్య క్వాంటం డాట్‌లనే అతి సూక్ష్మ కణాల పొర ఉంటుంది. ఈ కణాలను కనుగొని రూపొందించినందుకే 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ముగ్గురు శాస్త్రవేత్తలకు లభించింది. నీలి వెలుగును అవి స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ వెలుగులుగా మారుస్తాయి. అందువల్ల రంగులు నిండుగా కనిపిస్తాయి. అయితే నలుపు మరింత నల్లబడదు. చీకటి దృశ్యం బూడిద రంగులో కనిపించే లోపం ఈ పొరతో తీరదు.

ఆ లోపం రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది పలక రకం. చౌక టీవీలలో ప్రధానంగా వీఏ, ఐపీఎస్ అనే రెండు రకాల పలకలుంటాయి. తెర మీది అత్యధిక వెలుగుకు, అత్యల్ప వెలుగుకు మధ్య నిష్పత్తిని కాంట్రాస్ట్ అంటారు. వీఏ పలకలో అది సాధారణంగా మూడు వేలకు ఒకటి లేదా అంతకు మించి ఉంటుంది. ఐపీఎస్‌లో వెయ్యికి ఒకటి దరిదాపులలో ఉంటుంది. రాత్రి దీపాలు తగ్గించి సినిమా చూసే ఇంటికి వీఏ అనుకూలం. కానీ పక్క నుంచి చూస్తే వీఏ తెర రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి. చిన్న గదిలో కొందరు మంచం మీద, కొందరు గుమ్మం వద్ద కూర్చుని చూసే కుటుంబానికి ఐపీఎస్ మేలు.

రెండవది వెనుక దీపాల అమరిక. చౌక టీవీలలో దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి తగ్గుతాయి. మినీ ఎల్‌ఈడీలో చిన్న దీపాలు పెద్ద సంఖ్యలో ఉండి, విభాగాలవారీగా వెలుగు మారుతుంది. నల్లని ఆకాశం ఉన్నచోట దీపం తగ్గి, చంద్రుడున్నచోట పెరుగుతుంది. ఆ విభాగాలు ఎన్ని ఉంటే ఫలితం అంత మెరుగు. విభాగాలు కొద్దిగానే ఉన్న టీవీకి ఆ పేరున్నా ప్రయోజనం స్వల్పం. కాబట్టి పేరు చూసి సరిపెట్టుకోక, విభాగాల సంఖ్యను అడిగి తెలుసుకోవాలి.

ఓఎల్‌ఈడీ మార్గం వేరు. అందులో ప్రతి బిందువూ స్వయంగా వెలుగుతుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. అందుకే నలుపు నిజమైన నలుపుగా, పక్క నుంచి కూడా బొమ్మ స్పష్టంగా కనిపిస్తాయి. ధర మాత్రం పరిమిత బడ్జెట్‌కు అందేది కాదు. మరో చిక్కూ ఉంది. కదలని గుర్తు గంటల తరబడి ఒకేచోట వెలిగితే, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మచ్చ మిగిలే ప్రమాదం ఉంటుంది. చానల్ గుర్తు, కింది వార్తల పట్టీ రోజంతా తెర మీద ఉండే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఇక బిందువుల లెక్క. 4కే తెరలో సుమారు 83 లక్షల బిందువులుంటాయి, ఫుల్ హెచ్‌డీలో సుమారు 21 లక్షలు. ఈ తేడా కంటికి ఆనడం దూరాన్ని బట్టి ఉంటుంది. సాధారణ చూపు గల వ్యక్తి 43 అంగుళాల తెరకు ఐదున్నర అడుగులకు మించిన దూరంలో కూర్చుంటే, ఫుల్ హెచ్‌డీలోని బిందువులనే విడివిడిగా గుర్తించలేరు. ఎనిమిది అడుగుల దూరంలో 4కే అదనపు సూక్ష్మత వారికి అందదు.

ఇంటికి వచ్చే ప్రసారం ఎలాంటిదన్నదీ ముఖ్యమే. నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌లో అధిక చానళ్లు సాధారణ నాణ్యతలోనే వస్తాయి. ఆ బొమ్మలో సుమారు నాలుగు లక్షల బిందువులుంటాయి. దానిని 4కే తెరపై నింపాలంటే, ఒక్కొక్క బిందువు స్థానంలో ఇరవై బిందువులను టీవీయే అంచనా వేసి గీయాలి. ఆ పని సరిగా చేయలేని చౌక టీవీలో తెర పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. పాత 32 అంగుళాల టీవీలో బాగున్న చానల్ కొత్త 55 అంగుళాల టీవీలో బాగాలేదన్న ఫిర్యాదుకు ప్రధాన కారణం ఇదే. బ్రాడ్‌బ్యాండ్‌పై హెచ్‌డీ, 4కే సినిమాలు చూసే ఇంట్లో పెద్ద తెర విలువ తెలుస్తుంది. కేబుల్, ఫ్రీ డిష్‌లతో సరిపెట్టుకునే ఇంట్లో 32 లేదా 43 అంగుళాలు చాలు.

దుకాణంలోని దృశ్యం కూడా కొనుగోలుదారును పొరపాటు పడేలా చేయగలదు. అక్కడ దీపాలు ప్రకాశవంతంగా ఉంటాయి, టీవీలలో రంగులు గరిష్ఠ స్థాయిలో ఉంటాయి, నడిచే చిత్రాలు ప్రదర్శన కోసమే తీసినవి. ఇంట్లో చూసే రకం సినిమా, క్రికెట్, సాధారణ నాణ్యత గల చానల్ దృశ్యాలను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఇంటి వాడుకకు తగిన అమరికలో వేసి చూపమనడం మంచిది. చీకటి దృశ్యంలో నలుపు ఎలా ఉందో ఎదుట నుంచి, రంగులు నిలిచాయో లేదో పక్క నుంచి చూస్తే పలక గుణం చాలావరకు తెలిసిపోతుంది.

ధరతో ఖర్చు ముగియదు. 60 వాట్ల టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే ఏడాదికి సుమారు 110 యూనిట్లు, 120 వాట్లదైతే సుమారు 220 యూనిట్లు ఖర్చవుతాయి. కనుక స్టార్ లేబుల్‌పై ఏడాది వాడకం సంఖ్యను చదవాలి. మరమ్మతు సంగతీ అంతే. వెనుక దీపాల పట్టీలు పాడైతే స్థానిక మెకానిక్ మార్చగలరు. పలక పగిలితే మాత్రం ఆ ఖర్చు కొత్త టీవీ ధరకు చేరువవుతుంది. వెలుగును నిరంతరం గరిష్ఠంగా ఉంచకపోతే దీపాలు ఎక్కువ కాలం మన్నుతాయి. వారంటీ పలకకు ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు అన్నది బిల్లు చెల్లించక ముందే విడివిడిగా తెలుసుకోవాలి.

పన్ను తగ్గింపు కొనుగోలుదారుకు ఇచ్చింది కొద్దిపాటి వెసులుబాటు. దానిని అంగుళాలకే వెచ్చిస్తే, గోడ మీద పెద్ద తెర, అందులో మసక బొమ్మ మిగలవచ్చు. గది కొలత, కూర్చునే చోటు, ఇంటికి వచ్చే ప్రసారం ముందు చూసుకుని, ఆ పరిమాణంలో కాంట్రాస్ట్ మెరుగ్గా ఉన్న తెరను ఎంచుకోవడం తెలివైన పని. పెట్టె మీది పేర్లను పోల్చుకోవడం ఆ తరువాతే.