అంటుమొక్క వెనుక తల్లిచెట్టు

పదకొండేళ్ల క్రిందట మా తండ్రిగారు పెరటిలో నాటడానికి ఒక బంగినపల్లి అంటుమొక్క తెప్పించారు. నర్సరీ దాకా ప్రయాణం చేసే ఓపిక అప్పటికే ఆయనకు లేదు. రంగురంగుల కేటలాగు చూచి, డబ్బు ముందుగా పంపి, పార్సిలు కోసం వారం రోజులు వీధి అరుగు మీద కూర్చున్నారు. వేసవి నడిమధ్యలో వచ్చిందది. నెల తిరిగేసరికి పైకొమ్మ ఎండిపోయింది కాని, అడుగునుంచి ఎర్రని లేతచిగురు ఒకటి తొంగిచూచింది. “బతికిందిరా!” అన్నారాయన. ఆ చిగురుకే ఏళ్ల తరబడి నీళ్లు పోశారు. ఏడో ఏట కాసిన కాయలు చిన్నవి. కోస్తే అంతా పీచు, కొరికితే పులుపు. చచ్చిపోయినది బంగినపల్లి. మేము పెంచినది దాని క్రింద ఉండిన నాటుమామిడి వేరుమూలం. ఈ సంగతి నాకు తెలిసేనాటికి ఆయన లేరు.

మొక్కకు మేమిచ్చిన వెల స్వల్పమే. ఆ ఏడేళ్లను మాత్రం ఏ దుకాణం తిరిగి ఇవ్వగలదు? చీరలో చిరుగుంటే నాడే కనిపిస్తుంది, గడియారం నడవకపోతే వారంలో తెలుస్తుంది. పండ్లమొక్క విషయంలో మోసమో పొరపాటో బయటపడేది నాలుగైదేళ్లకు. అందుచేత “చచ్చిన మొక్కకు బదులు మొక్క ఇస్తాము” అన్న హామీని చూచి మురిసిపోవడం దండుగ. చచ్చిన మొక్క మనకు చేసే నష్టం తక్కువ. బతికి, పెరిగి, వేరొక జాతిగా తేలే మొక్కతోనే అసలు చిక్కు.

దూరాన్నుంచి మొక్కలు తెప్పించుకోవడం మన దేశానికి కొత్త కాదు. విలియం కేరీ 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించిన నాటినుంచి విత్తనాలూ మొక్కలూ ఊళ్లు దాటుతూనే ఉన్నాయి. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ కనిపెట్టిన అద్దాల పెట్టెలలో 1830లనుంచి అవి సముద్రాలే దాటాయి. మా చిన్నతనంలో పూల విత్తనాలు వి.పి.పి.లో వచ్చేవి, నేడు చేతిఫోనులో బొమ్మ నొక్కితే కడియపులంక గులాబీ మూడోనాటికి గుమ్మంలో ఉంటుంది. గోదావరి ఒండ్రునేలలో పెరిగిన కడియం మొక్కలు లారీలకెక్కి ఉత్తరాది నగరాల దాకా పోతున్నాయి. మంచివారు అక్కడా ఉన్నారు, మరెక్కడైనా ఉన్నారు. వారిని గుర్తుపట్టడం ఎలాగన్నదే ప్రశ్న.

నేనైతే ముందుగా ఒక ఉత్తరం వ్రాస్తాను. ఫోను చేసినా ఫరవాలేదు. అడగవలసిన మొదటి మాట: ఈ అంటుకొమ్మ కోసిన తల్లిచెట్టు ఎక్కడ ఉన్నది? మామిడిలో మన రకాలు చాలావరకు టెంకనుంచి మొలిస్తే తల్లి గుణం నిలుపుకోవు. అందుకే అంటు కట్టడం. కాయ రుచి చూచిన తల్లిచెట్టునుంచి కొమ్మ తెచ్చినవాడు ఆ చెట్టు జాడ చెప్పగలడు. బజారులో పదిమంది వద్ద మొక్కలు కొని చీటీ కట్టి అమ్మేవాడు చెప్పలేడు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించిన మాట నిజమే కాని, సంచిలో ఉన్న మొక్క ఏ జాతిదో ఆ గుర్తింపు చెప్పదు.

రెండవది, ఏ వేరుమూలంపై కట్టారు? బత్తాయి రైతులకు ఈ ప్రశ్న ప్రాణంతో సమానం. జంబేరిపై కట్టిన చెట్టు వేరుకుళ్లుకు సులువుగా లొంగుతుంది, రంగపూర్ నిమ్మపై కట్టినది మరికొంత తట్టుకుంటుంది. అన్నిటికీ అంటే మేలని కూడా అనుకోరాదు. పుల్లనిమ్మ విత్తనంనుంచి వచ్చే మొక్కలలో అధికభాగం తల్లినే పోలి ఉంటాయి. అటువంటి మొక్కకు “స్పెషల్ అంటు” అని పేరుపెట్టి మూడింతలు గుంజేవాడు ఎదుటివాని అజ్ఞానం మీద బతుకుతున్నాడన్నమాట.

మూడవది, కట్టి ఎన్ని నెలలైనది? అతుకు పూర్తిగా మాని, దాని పైన కనీసం రెండు విడతల చిగురు ముదిరి ఉండాలి. మనిషెత్తు మొక్క పిడికెడు సంచిలో వస్తే సంతోషించవద్దు. వేళ్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. జానెడు మొక్కకు నాలుగు కాయలు వేలాడుతున్న బొమ్మను అసలే నమ్మవద్దు. నీలిగులాబీ విత్తనాలమ్మేవారిని గురించి చెప్పనక్కరలేదు: తోటగులాబీల రకాలను కన్ను అంటుతోనో కొమ్మతోనో పెంచుతారు, జపాను శాస్త్రజ్ఞులు జన్యుమార్పిడితో సాధించి 2009లో అమ్మకానికి పెట్టిన “నీలి” గులాబీ కూడా చూపుకు లేతఊదాయే.

ఇంగ్లీషు పుస్తకాలు తెలుగు చేసే వృత్తిలో ఉన్నాను గనుక ఒక ముచ్చట. అంటుకొమ్మకు ఇంగ్లీషువారు వాడే ‘సయాన్’ అన్న మాటకు వంశాంకురమన్న అర్థం కూడా ఉన్నది. ఒక నవలలో ఆ మాటను ‘అంటు’ అని వ్రాసి, వెంటనే కొట్టివేశాను. మన భాషలో అంటు అంటే మైల కూడా, రోగం కూడా. తోటల విషయంలో ఆ రెండవ అర్థమూ చెల్లుతుంది. జామతోటలను కుంగదీస్తున్న వేరుబుడిపె నులిపురుగులు అనేక చోట్లకు నర్సరీ మట్టితోనే ప్రయాణించాయి. కాబట్టి వచ్చిన జామమొక్క వేళ్లపై బుడిపెలు కనిపిస్తే జాలి పడక కాల్చివేయవలసిందే.

ఆంధ్రప్రదేశ్‌లో నర్సరీల నమోదుకు 2010లో చట్టం వచ్చింది. నమోదు సంఖ్య అడగడం మన హక్కు. మంచి నర్సరీవారు దాచరు. జాతీయ ఉద్యాన మండలి గుర్తింపు ఉన్నవారు మరికొంత నమ్మదగినవారు. స్వయంగా వెళ్లగలిగినవారికి సంగారెడ్డి, నూజివీడు వంటి పరిశోధన కేంద్రాలు ఉండనే ఉన్నాయి. ఎవరి వద్దనైనా మొదట ఒకటి రెండు మొక్కలే తెప్పించి చూడండి. ఎండాకాలంలో పంపమంటే “ఇప్పుడు పంపము, వానలు పడనివ్వండి” అని బేరం వదులుకునేవాడి చిరునామా భద్రపరచుకోండి.

పార్సిలు అందిన నాడే విప్పాలి. వారం పదిరోజులు నీడలో ఉంచి, తర్వాతనే నాటాలి. అతుకు మట్టికి పైన ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ మిగిలి ఉంటే విప్పాలి. అతుకు క్రిందినుంచి వచ్చే చిగురు ఎంత ముద్దుగా ఉన్నా గిల్లివేయాలి. ఈ చివరి మాట ఒక్కటి వ్రాసిన చీటీ ఆ రోజు పార్సిలులో ఉండి ఉంటే మా పెరటి కథ మరోలా ఉండేది.

నిరుడు ఆషాఢంలో మూడు ప్రశ్నలూ వ్రాసి ఒక నర్సరీకి ఉత్తరం పంపాను. “మా అంట్లు కట్టి నాలుగు నెలలే అయింది, కార్తీకం దాకా ఆగండి” అని జవాబు వచ్చింది. ఆగాను. ఆ మొక్క ఇప్పుడు ప్రహరీ పక్కన రెండు చిగుళ్లు తొడిగి ఉన్నది. పాత చెట్టును నడుముకు కొట్టి, కొత్త చిగుళ్లపై మేలురకం అంటు కట్టించవచ్చునని అమ్మతో చెప్పి చూశాను. ఆమె ఒప్పుకోలేదు. ఆవకాయకు అంత పులుపూ అంత పీచూ ఉన్న కాయ ఈ వీధిలో మరొకటి లేదట.