చీలమండ విఱుపులు: వైద్యశాలలు కలియవలెను

తాటిచెట్టునుండి పడిన గీతకార్మికుని మడమ విఱుగుట మన పల్లెలలో వింతకాదు. చీలమండ నడుమనుండు టాలస్ అను ఎముక విఱుగుట మాత్రము అరుదు. విఱుపులన్నిటిలో నూటికొకటియైనను గాదు. దానికి రక్తప్రసారము స్వల్పము; మెడవద్ద విఱిగి తొలగినచో ఎముకయే నిర్జీవము కావచ్చును. అట్టివాడు మఱల చెట్టెక్కుట యెట్లు?

అమెరికా వైద్యుడు హాకిన్సు 1970లో ఈ మెడ విఱుపులను మూడు తరగతులుగా విభజించినప్పుడు ఆయనకు ఆధారమైనవి 57 మాత్రమే. విద్యానగరమున దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి యున్నది. గాంధీ, ఉస్మానియా, నిమ్సు వైద్యశాలలును కొలది మైళ్ళలోనివే. ఒక్కొక్కచోటికి వచ్చు కొలదిమందిని జూచి శస్త్రవైద్యుడేమి నిర్ణయింపగలడు? అందఱును ఒకే పద్ధతిని వివరములు వ్రాసి, రెండేండ్లు రోగి నడకను కనిపెట్టి, లెక్కలు కలుపవలెను. క్లోరోఫారము ముందుగా గుండెను ఆపునా, శ్వాసను ఆపునా యని 1888, 1889 సంవత్సరములలో పరిశోధకసంఘములను కూర్చిన నగరమిది. వారి నిర్ణయము పిదప నిలువలేదు, నిజమే. పరీక్షించుటకు మాత్రము వారు వెనుదీయలేదు.

ఇందులకు లక్షలక్కఱలేదు. రోగి అనుమతి, వ్రాయుటకొక గుమాస్తా, మఱల వచ్చుటకు దారిఖర్చు చాలును. ఆ దారిఖర్చు లేకున్న మన గీతకార్మికుడు తిరిగిరాడు; రానివాని కాలు కుదిరెనో, కుంటువడెనో ఏ పుస్తకమునను ఎక్కదు.