పట్టిన ప్రాణికి పూచీ యెవరు?

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున 2024 అక్టోబరు 30వ తేదీన ప్రభుత్వోద్యోగులు ఒక గృహమును సోదాచేసి, అందు పెరుగుచున్న పీనట్ అను ఉడుతను, ఫ్రెడ్ అను రాకూన్ జంతువును పట్టుకొనిపోయిరి. తల్లి కారుక్రింద పడి చావగా దిక్కులేని ఆ ఉడుతకూనను ఒక గృహస్థుడు చేరదీసి ఏడేండ్లు పెంచెను. ఒకమారు విడిచిపెట్టగా, సగము తోక పోగొట్టుకొని మరల అతని గుమ్మమునే చేరినదట. పట్టుకొనిన సందర్భమున అది యొకనిని కఱచెనని చెప్పి, రేబీస్ పరీక్షకై రెండింటిని చంపిరి. నవంబరులో ఫలితము వెలువడెను. రెంటికిని వ్యాధి లేదు.

ఉద్యోగులపై జనులు కురిపించిన దూషణలలో మేము పాలుగొనజాలము. అనుమతిపత్రము లేక అడవిజంతువును ఉంచుకొనుట అచ్చట నేరము. ఆ గృహస్థునియొద్ద అట్టి పత్రము లేదు. ఆ దేశపు తూర్పుభాగమున రాకూనులు రేబీసునకు ఆటపట్టులు. ఆ జాడ్యలక్షణములు పొడసూపిన పిదప మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు. కఱచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవచ్చును గాని, అడవిజంతువులకు అట్టి గడువు నిర్ణయింపబడలేదు. మెదడును పరీక్షించిననే గాని నిజము తేలదు.

అయినను ఉడుతలలో ఈ వ్యాధి బహు అరుదు. కాటు తిన్నవానికి వెంటనే టీకాలు వేయుటయు సాధ్యమే. మా ప్రశ్న కాటుకు ముందటిది. ఒక్కని చేతిలో ఏడేండ్లు పెరిగిన ప్రాణిని క్రొత్తచేతులు పట్టిన అది కఱవదా? పెంచినవానిచేతనే బోనులో పెట్టించి, అనుమతిగల సంరక్షకునికి ఒప్పగించు ఏర్పాటు ముందుగనే చేసికొనుట ప్రభుత్వమునకు అసాధ్యమా? దీనికి 'కారుణ్యమరణ'మని పేరట! తీరని బాధచే తీసికొనుచున్న జీవికి ఆ పేరు చెల్లును గాని, ఆరోగ్యముగ నున్న ఉడుతకు చెల్లదు.

మన దేశమునందును ఇట్టి చిక్కు కలదు. ఉత్తరప్రదేశమున తన గాయమును మాన్పిన గ్రామస్థుని వీడక తిరుగుచుండిన సారసపక్షిని 2023 మార్చిలో అటవీశాఖవారు కొనిపోయి, తుదకు కాన్పూరు జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. విడదీసిరి గాని చంపలేదు. ఇంటిపంజరమున రామచిలుకను ఉంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనముచే నేరమని మన విద్యార్థులలో ఎందఱెఱుగుదురు?

పట్టుకొనిన జంతువును 72 గంటలవరకు చంపరాదను శాసనము న్యూయార్కు రాష్ట్రమున ప్రతిపాదింపబడినది. మంచిదే, కాని ఆ మూడుదినములు దానిని ఏ బోనులో, ఎవరి పోషణలో ఉంచుదురో సోదాకు బయలుదేరక మునుపే వ్రాసియుంచవలెనని మేము కోరుచున్నాము.