గురక గుట్టు పళ్లు చెబుతాయి!

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. వంతు వచ్చేసరికి ఒక్కోసారి తెల్లారిపోతుంది. డ్రైవర్లు క్యాబిన్లోనే నడుం వాలుస్తారు. నిద్ర ఆపుకోవడానికి చక్కెర దండిగా వేసిన టీ, దవడన చిటికెడు ఖైనీ! తిరుపతిలోనూ అంతే. సుప్రభాతానికి ముందే లేచేవాళ్లు, అర్ధరాత్రి దాటాక కన్ను మూసేవాళ్లు ఎందరో. పన్ను నొప్పెడితే డాక్టరు దగ్గరికి వెళతారు కానీ నిద్ర సంగతి ఎత్తరు. నిజానికి రెంటికీ దగ్గరి చుట్టరికం ఉంది.

నోరెండితే చేటే

గురక పెట్టేవారిలో చాలామంది నోటితో గాలి పీలుస్తారు. దాంతో నోరు ఎండిపోతుంది. పళ్లకు కాపలా కాసేది లాలాజలమే. నిద్రలో అది ఊరేదే తక్కువ. ఉన్న కాస్తా ఆరిపోతే పళ్లు పుచ్చుతాయి, చిగుళ్లు వాస్తాయి, పొద్దున్నే నోరు వాసన కొడుతుంది.

పురుగులు కాదు!

నిద్రలో పటపటా పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయంటారు పెద్దవాళ్లు. దానికి గట్టి ఆధారం లేదు. ఆందోళన, పొగతాగడం, మద్యం, అతిగా కాఫీ టీలు... కారణాలు చాలానే. నిద్రలో ఊపిరికి అడ్డం పడే 'స్లీప్ ఆప్నియా' ఉన్న కొందరిలోనూ ఇది కనిపిస్తుంది. పళ్లు అరిగి జివ్వుమంటాయి. లేవగానే దవడలు, కణతలు నొప్పెడతాయి.

ఆప్నియాలో ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగుతుంది లేదా బాగా తగ్గుతుంది. గంటకు 5 సార్లకు మించితే పట్టించుకోవాల్సిందే. 30 దాటితే తీవ్రమైనట్టు. రక్తపోటు పెరుగుతుంది. పగలు కునుకుపాట్లు పడతాయి. ఘాట్ రోడ్డు మీదో, బెంగళూరు-చెన్నై దారిలోనో స్టీరింగు పట్టినవారికి ఆ ఒక్క కునుకు చాలు, ప్రాణం మీదికి రావడానికి.

పిల్లల్లోనూ...

టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచిన పిల్లలు నోరు తెరిచి నిద్రపోతారు. అలాగే కొనసాగితే అంగిలి ఇరుకై, పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కే అవకాశం ఉంది. ముద్దుగా గురక పెడుతున్నాడని మురిసిపోకండి.

ఏం చేయాలి?

* గట్టి గురక, మధ్యలో ఉక్కిరిబిక్కిరి, పగటి మగత ఉంటే చెవి-ముక్కు-గొంతు లేదా ఊపిరితిత్తుల డాక్టరును కలవాలి. ఒక రాత్రి నిద్ర పరీక్షతో విషయం తేలుతుంది.

* తీవ్రత ఎక్కువైతే సీప్యాప్ యంత్రం వాడమంటారు. దీన్ని 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివన్ ప్రపంచానికి పరిచయం చేశారు. దాంతో నోరెండితే తేమ అందించే అమరిక ఉంటుంది.

* సమస్య ఓ మోస్తరుగా ఉంటే కింది దవడను కాస్త ముందుకు నిలిపే పరికరాన్ని పంటి డాక్టరే అమరుస్తారు.

* పళ్లు కొరికేవారికిచ్చే గార్డు పళ్లను కాపాడుతుందే కానీ ఆప్నియాను తగ్గించదు.

* రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప మరేదీ వద్దు. ఖైనీ, మందు మానాలి.

ఈసారి పంటి డాక్టరు దగ్గరికి వెళితే నిద్ర సంగతీ చెప్పండి. వీలైతే ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి. గురక గురించి పెట్టేవారికన్నా వినేవారికే బాగా తెలుసు మరి!