గాల్లో ఆగితే తోసి స్టార్టు చేయలేం!

విజయవాడ రోడ్డులో అబ్దుల్లాపూర్‌మెట్ దాటుతుంటే విమానం గుర్తొచ్చేది రామోజీ ఫిల్మ్‌సిటీ వల్లే. అక్కడి ఎయిర్‌పోర్టు సెట్టులో మన హీరోలు ఎన్నిసార్లు అమెరికా వెళ్లొచ్చారో లెక్కలేదు. ఇటు బడంగ్‌పేట పక్కన నాదర్‌గుల్‌లో అసలైన రన్‌వే ఉంది. పైలట్ శిక్షణ విమానాలు ఏళ్ల తరబడి అక్కణ్నుంచే ఎగిరాయి. ఈ రెండిటి మధ్య పెరిగిన కుర్రాడికి సొంతంగా విమానం కట్టాలనిపిస్తే ఆశ్చర్యమేముంది?

కట్టినవాళ్లూ ఉన్నారు. ముంబయిలో పైలట్ అమోల్ యాదవ్ తాముండే భవనం డాబా మీదే విమానం తయారుచేసి, 2016లో ‘మేకిన్ ఇండియా’ ప్రదర్శనలో పెట్టారు. మర్నాడు సంవత్సరమే దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది. అలప్పుళ నుంచి లండన్ వెళ్లి స్థిరపడిన ఇంజినీరు అశోక్ తామరాక్షన్ కిట్టు తెచ్చుకుని నాలుగు సీట్ల విమానం బిగించుకుని, 2022 నాటికి కుటుంబంతో యూరప్ చుట్టివచ్చారు. ఇలాంటి వార్తలు చదివినప్పుడు మన కళ్లు రెక్కల మీదా ఇంజిన్ మీదా ఉంటాయి. నిజానికి కట్టేవాళ్ల బుర్ర తినేసే వస్తువు ఒకటుంది. అది బ్యాటరీ.

బ్యాటరీదేముంది, దిల్‌సుఖ్‌నగర్లో ఏ కొట్టుకెళ్లినా దొరుకుతుంది కదా అంటారా? పాత చేతక్ స్కూటర్ని గుర్తుచేసుకోండి. బ్యాటరీ లేకపోయినా కిక్కు కొడితే కదిలేది. నిప్పురవ్వకి కావలసిన కరెంటుని మాగ్నెటో అక్కడికక్కడే పుట్టించేది. పాతకాలపు చిన్న విమానాల ఇంజిన్లూ అంతే. గాల్లో బ్యాటరీ చచ్చిపోయినా రేడియో మూగబోతుందేగానీ ఇంజిన్ ఆగదు. కొత్తరకం ఇంజిన్లలో చాలావాటికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, కరెంటుతో తిరిగే పంపు. ఆల్టర్నేటర్ పాడైతే వీటన్నిటికీ దిక్కు బ్యాటరీయే. రోడ్డు మీదైతే కారుని పక్కకి తీసి, నలుగురిని పిలిచి తోయించుకుంటాం. మూడువేల అడుగుల ఎత్తులో ఎవర్ని పిలుస్తాం?

అందుకే ఈ బ్యాటరీని ‘ఇంజిన్‌ని తిప్పగలదా’ అని మాత్రమే చూసి కొనకూడదు. ‘నన్ను కిందికి దించేదాకా ఉంటుందా’ అని చూసి కొనాలి. లెక్క పెద్ద కష్టమేం కాదు. తప్పనిసరిగా నడవాల్సినవి కలిపి 12 ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. 16 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద గంటా ఇరవై నిమిషాలు రావాలి. రాదు. లేబుల్ మీది అంకె నెమ్మదిగా వాడితే వచ్చేది. గట్టిగా లాగితే తగ్గుతుంది, పాతబడితే ఇంకా తగ్గుతుంది. ముప్పావు గంటే అనుకోవడం క్షేమం. చిన్న విమానాలకి అమెరికాలో చాలాకాలం అమలైన నియమం కనీసం 30 నిమిషాలు.

తర్వాతి తగువు సీసమా, లిథియమా అని. ఇళ్లలో విమానం కట్టేవాళ్లు ఎక్కువగా వాడిన సీల్డు సీసపు బ్యాటరీ ఏడు కిలోలుంటుంది. అదే పని చేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది రెండు కిలోల లోపే. ఐదు కిలోలు మిగలడమంటే విమానంలో పండగే! కానీ సీసం చనిపోయే ముందు చెబుతుంది. ఓల్టేజి మెల్లగా దిగుతూ వస్తుంది. లిథియంది చివరిదాకా ఒకే తీరు, ఆపైన ఒక్కసారిగా కూలుతుంది. పైగా దాని లోపల కాపలా సర్క్యూటు ఉంటుంది. తేడా కనిపిస్తే బ్యాటరీని కాపాడటానికి అదే కరెంటు కట్ చేస్తుంది. గాల్లో బ్యాటరీ కన్నా మనం బతకడం ముఖ్యమని దానికి తెలీదుగా! అలా హఠాత్తుగా తెగినప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఓల్టేజి ఎగదన్ని రేడియోలని కాల్చేసే ప్రమాదం ఉంది. ఓవర్‌ ఓల్టేజి రక్షణ లేకుండా లిథియం జోలికి వెళ్లకపోవడమే మంచిది. మొదటిసారి కట్టేవాళ్లకి సీసమే నయమని నా అభిప్రాయం.

ఇక బిగింపు. ఇంజిన్ వెనక గోడకి బిగిస్తే తీగ పొట్టి, కానీ వేడి. అసలే మన ఎండలు! సగటు వేడి పది డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. తోక వైపు పెడితే చల్లగా ఉంటుంది. కానీ పొడుగు తీగలో ఓల్టేజి పోతుంది కాబట్టి లావుపాటి తీగ వేయాలి. ఎటు జరిపినా విమానం బరువు మధ్యబిందువు మారుతుంది, మళ్లీ తూకం వేయాల్సిందే. 2017కి ముందు అమెరికా నియమాల్లో, కేబిన్‌లోని బరువైన వస్తువుల బిగింపు వాటి బరువుకి 18 రెట్ల ముందుకి తోపునీ తట్టుకోవాలన్నారు. ఏడు కిలోల బ్యాటరీకి అది 126 కిలోలు. బియ్యం బస్తా కన్నా ఎక్కువ బరువు పైలట్ వీపు మీదికి వస్తుందన్నమాట. రబ్బరు బెల్టుతో కట్టేస్తే సరిపోదు.

పొగ సంగతీ చూడాలి. 2013 జనవరిలో రెండు బోయింగ్ 787లలో లిథియం బ్యాటరీలు మండిపోయి, ఎయిరిండియావి సహా ప్రపంచంలోని ఆ విమానాలన్నీ నెలల తరబడి నేలమీదే ఉండిపోయాయి. చివరికి స్టీలు పెట్టె కట్టి, పొగ విమానం బయటికి పోయేలా గొట్టం పెట్టాకే ఎగిరాయి. అవి వేరే రకం లిథియం. ఐరన్ ఫాస్ఫేట్ అంత తేలిగ్గా అంటుకోదు. అయినా గొట్టం పెట్టుకోవడంలో నామోషీ ఏముంది?

ఛార్జింగ్ దగ్గర ఇంట్లోవాళ్ల మాట కూడా వినాలి. ఇంటి ఇన్వర్టరు ఛార్జర్‌ని దీనికి తగిలించకూడదు. సీసానికి వాడేది లిథియానికి పనికిరాదు. సీసపు బ్యాటరీ ఎక్కువ ఛార్జయితే హైడ్రోజన్ వదులుతుంది కనుక గాలి ఆడేచోట పెట్టాలి. లిథియంని పడకగదిలోనో, మెట్ల కిందో రాత్రంతా వదిలేయడం అసలే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు.

విమాన బ్యాటరీ మన ఊరికి కొత్తేం కాదు. 1977లో మొదలైన హెచ్‌బీఎల్ - పూర్తి పేరు హైదరాబాద్ బ్యాటరీస్ లిమిటెడ్ - మొదట చేపట్టింది విమానాల బ్యాటరీలనే. ఇంట్లో కట్టుకునేవాడికి అలాంటి కంపెనీ పరీక్షలుండవు. తనే ఏడాదికోసారి పూర్తిగా ఛార్జి చేసి, తెలిసిన లోడు పెట్టి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి రాసుకోవాలి. లెక్కేసుకున్న ముప్పావు గంట రాకపోతే ఆ రోజే తీసేయాలి. తీసేసినదాన్ని పారేయక్కర్లేదు, డాబా మీద ఎమర్జెన్సీ దీపానికి ఇంకొన్నాళ్లు పనికొస్తుంది.