యాత్రావిశేషములు: రంగములో నొక దినము



నేడు యాంగోను అని పిలువబడు రంగూను పట్టణమును మన గోదావరిసీమవారు పూర్వము "రంగము" అనెడివారు. కాకినాడ రేవునుండి పొగయోడలు బంగాళాఖాతము దాటి మనవారిని వేలకొలదిగా నచ్చటికి గొనిపోయెడివి. వరికోతలకును, బియ్యపుమిల్లులకును, రేవులో బరువు లెత్తుటకును పోయినవారే యధికము. పురుషులు పోయిరి. స్త్రీలలో బహు కొలదిమంది తప్ప దక్కినవారు ఇండ్లయందే నిలిచి మనియార్డరు కొరకు ఎదురు చూచిరి. రంగము పేరు వినని యిల్లు లేకున్నను, ఆ యూ రెట్టిదో కన్నులార జూచిన యిల్లాండ్రు అరుదు. 2019వ సంవత్సరము జనవరిలో నేను మావారితో గూడ నా పట్టణమునకు బోయి యొక దినము గడపితిని. అందు చూచినదియు, తిన్నదియు మీకు దెలిపెదను.

అచ్చటి గడియారము మనకంటె ఒక గంట ముందు నడచును. తెల్లవారగనే వీథులలో తేనీటియంగళ్ళు తెరచెదరు. జానెడెత్తు పీటలు, చిన్న బల్లలు, బల్లపై పాలు లేని పలుచని తేనీరు. ఈ తేనీటికి వెల లేదు. ఎంత త్రాగినను అడుగువారు లేరు. ఆ దేశపు ప్రాతఃకాల భోజనమునకు "మొహింగా" యని పేరు. అల్లము, వెల్లుల్లి, అరటిదవ్వ, సెనగపిండి చేర్చి కాచిన చేపల పులుసును బియ్యపుసేవెలపై బోసి యిత్తురు. మేము శాకాహారుల మగుటచే దానిని చూచి సంతోషించి, పరోటాలను, మొలకెత్తించి యుడికించిన బటానీలను దింటిమి. పరోటాను వారు "పలాటా" యందురు. మన దోసెను "తోషే" యందురు. ఈ వంటకములు పోయినవారితో బోయి, వారు తిరిగి వచ్చిన పిదపను అచ్చటనే నిలిచిపోయినవి. శాకాహారులు "తెత్ తత్ లుత్" అను మాట నేర్చిన చాలును; ప్రాణిహింస లేనిదని దాని భావము.

పిమ్మట ష్వేడగోను స్తూపమునకు బోతిమి. "ష్వే" యనగా బంగారము. మున్నూరడుగులకు మించిన యా స్తూపము నిలువెల్ల బంగారు తొడుగుతో గుట్టపై వెలుగుచుండును. మెట్ల క్రిందనే పాదరక్షలు విడువవలయును. పదునైదవ శతాబ్దమున షిన్ సాబూ అను రాణి తన తూకమునకు సరియగు బంగారము నీ స్తూపమునకు సమర్పించెనని చెప్పుదురు. మన తులాభారపు కథ విన్నవారికి ఈ సంగతి యెంతయు హృద్యముగా నుండును.

స్తూపము చుట్టును ఎనిమిది దిక్కుల ఎనిమిది గ్రహస్థానములు గలవు. వారములు ఏడే కదా యందురేమో! బుధవారమును మధ్యాహ్నమునకు ముందొకటి, పిదప నొకటిగా రెండు చేసి, రెండవదానిని రాహువున కిచ్చిరి. ప్రతివారును తాము జన్మించిన వారమునకు జెందిన చోట బుద్ధమూర్తికి నీ రభిషేకింతురు. ఒక్కొక్క వారమునకు ఒక్కొక్క జంతువు గురుతు. మావారు బుధవారమున బుట్టినవారు. జాతకచక్రమును దలచుకొని చూడగా మధ్యాహ్నము దాటిన వేళ యని తేలినది. దంతములు లేని యేనుగు వారి పాలబడినది. రాహువు వంతు వచ్చినదని నేను నవ్వితిని. అంతలో నా సోమవారమునకు పులి యని తెలియగా, "ఇది నాకు క్రొత్తగాదు" అని వారనిరి.

స్తూపమునకు అనతిదూరమున ఢిల్లీ కడపటి పాదుషా బహదూర్‌షా జఫరు సమాధి గలదు. ఆంగ్లేయులచే పదభ్రష్టుడై యీ యూరికి బంపబడి, 1862 నవంబరు 7వ తేదీన ఇచ్చటనే మరణించెను.

అచ్చటినుండి 1926లో కట్టబడిన బొగ్యోకే అంగడికి వచ్చితిమి. అమ్మువారిలో స్త్రీలే మెండు. బేరమును, లెక్కయు, పెట్టె తాళమును వారి చేతనే యుండును. బర్మా స్త్రీల చెక్కిళ్ళపై పసుపుపచ్చని పూత గనబడును. దాని పేరడుగగా "తనకా" యనిరి. తాకట్టు మాట యెక్కడినుండి వచ్చెనని మావా రులికిపడిరి! అది యొక చెట్టుబెరడు. మనము గంధపుచెక్కను సానపై అరగదీయునట్లు దానిని నీటితో రాతిపై అరగదీసి, ఎండవేడి తగులకుండ రాచుకొందురు. మధ్యాహ్నము సెనగపిండిని ఉడికించి పేర్చిన "షాన్ తోఫు" తోడను, ఊరవేసిన తేయాకును వేరుసెనగలు, నువ్వులు, వేచిన పప్పులతో కలిపిన "లపే తో" తోడను భోజనమైనది. ఈ రెండవదానియందు ఎండురొయ్యలు వేయుదురు గనుక ముందే వలదని చెప్పవలయును. వగరును, పులుపును గలసిన యా రుచి మొదట వింతగా నుండి, పిదప విడువరానిదగును.

మూడవ జామున స్ట్రాండురోడ్డు వెంట రేవునకు నడచితిమి. మన గోదావరిపాయ యొడ్డున కోరంగి యను రేవు 1839లో వచ్చిన ఉప్పెనచే నశించినది. ఆ కోరంగి పేరే బర్మాలో తెలుగువా రందరికిని పేరయ్యెను. ఓడలు గట్టిన యూరి పేరు పరదేశమున మూటలు మోయువాని పేరుగా మారినది. 1931 జనాభాలెక్కలలో రంగూనున నాలుగు లక్షలమంది యుండగా, సగమునకు మించి మనదేశమువారే. మనవారు చాలని గదులలో గుంపులుగా బరుండి దినములు గడపిరి. 1930 మే నెలలో రేవుకూలీలగు తెలుగువారు కూలి హెచ్చింపుమని పని మానగా, యజమానులు బర్మావారిని బనిలో బెట్టుకొనిరి. సమ్మె తీరిన వెంటనే వారిని బొమ్మనిరి. అందుండి పుట్టిన కలహములో నూరుమందికి పైగా చచ్చిరి. వారిలో హెచ్చుమంది మనవారే. ఇరువురును పేదవారే, కూటికొరకై ఒకరి నొకరు పొడుచుకొనిరి. 1941 డిసెంబరు 23న జపానువారు పట్టణముపై బాంబులు వేసిరి. లక్షలకొలది జనులు అరకాను, మణిపురపు కొండదారుల కాలినడకను బయలుదేరగా, ఆకలిచేతను కలరాచేతను దారిలో గూలినవారు లెక్కకు మిక్కిలి. 1964లో సైనికప్రభుత్వము అంగళ్ళను జాతీయము చేయగా, మిగిలినవారిలోను పెక్కండ్రు కట్టుబట్టలతో వచ్చిరి. విశాఖపట్టణములోని బర్మాక్యాంపు వారి పేట యే. ఆ నీటియొడ్డున మే మిరువురమును చాలసేపు మాటలాడక నిలిచితిమి.

సాయంకాలము కందోజీ చెరువుగట్టున విశ్రమించితిమి. పక్షి యాకారపు రాచపడవను బోలిన మందిర మందు గలదు. దాని పేరు "కరవేక్". మన గ్రంథములలోని కలవింకమునకు చుట్టము. చీకటి పడగా వీథిలో నొకామె గుంటల పెనముపై బియ్యపుపిండి జారుగా బోసి, ఉల్లికాడలు, సెనగలు చల్లి, రెండేసి సగములను జతచేసి యిచ్చుచుండెను. అచ్చముగా మన గుంటపునుగులే! పేరు "మోన్ లిన్ మయా". అనగా మగడు పెండ్లాముల పిండివంట. రెండు సగములును వేరువేరుగా గాలి, పిదప నొకటిగా గలియుట చేత నా పేరు వచ్చినదట. రేవున నిలిచి వచ్చిన నాకు ఆ పేరు వినగనే, సగము రంగమునను సగము గోదావరి యొడ్డునను గాలి, కలియకయే పోయిన సంసారములు తలపునకు వచ్చినవి. భర్తతో గూడ నొక యూరు చూచుట మనకు వేడుక. వారికి కలలోనైన దొరకని భాగ్యము.

2021 ఫిబ్రవరిలో సైన్యము మరల ప్రభుత్వమును గైకొనుటతో ఆ దేశము కలతలపాలైనది. పోదలచినవారు ముందుగా క్షేమసమాచారము విచారించి పోవలయును. ఇంటనుండియే చేయదగిన పని యొకటి గలదు. మీ కుటుంబములో రంగమునకు బోయినవా రుండిరేమో పెద్దల నడుగుడు. వారి పేరు, పోయిన యేడు, చేసిన పని, తిరిగి వచ్చిరా లేదా యనునది, ఇంటనుండి వారికొరకు ఎదురు చూచిన యిల్లాలి పేరుతో గూడ నొక పుస్తకమున వ్రాసి యుంచుడు. ఓడలెక్కినవారి పేరులైన నెచ్చటనో చిట్టాలలో నుండవచ్చును; వాకిట నిలిచినవారి పేరులు మనము వ్రాసిననే నిలుచును.